విదేశాల నుంచి వచ్చినవాళ్ల ద్వారా కరోనా ఇంట్లో పెద్దవాళ్లకు అంటకుండా: శంషాబాద్‌లో దిగిన దగ్గర్నుంచి పది రోజుల దాకా ఏం చేయాలి

దసరా ముందు, డిసెంబర్ సెలవుల్లో, పెళ్లి ముహూర్తాలు మొదలైనప్పుడు ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంటుంది. "బిడ్డ డల్లాస్ నుంచి వస్తోంది, ఇంట్లో బాపుకు షుగరు, గుండెకు స్టెంటు, ఏమన్నా జాగ్రత్త పడాలా?" అని హన్మకొండ నుంచి. "మా ఆయన దుబాయ్ నుంచి దిగుతున్నడు, ఎయిర్‌పోర్టులో టెస్టు చేస్తలేరట కదా, మరి మనమే చేయించాలా?" అని జగిత్యాల నుంచి. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది: "టెస్టు నెగెటివ్ వచ్చింది, ఇక అందరితో కలవొచ్చా?"

కలవకూడదు. కనీసం మొదటి అయిదు రోజులు, అదీ ఇంట్లో అరవై దాటినవాళ్లు, షుగరు, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు ఉంటే. దిగిన రోజు నెగెటివ్ అంటే వైరస్ లేదని కాదు, ఇంకా పట్టుబడేంత పెరగలేదని కూడా కావచ్చు. శుక్రవారం రాత్రి బోర్డింగ్ గేటు దగ్గర అంటుకున్నవాళ్లకు శనివారం టెస్టు శుభ్రంగా నెగెటివ్ వస్తుంది. సోమవారమో మంగళవారమో గొంతు గరగర మొదలవుతుంది. ఒంట్లో లక్షణాలు తెలియడానికి ఒకట్రెండు రోజుల ముందే ఎదుటివాళ్లకు అంటించగలరు. అంటే ఆదివారం ఇంట్లో పెట్టుకున్న దావత్‌లో పని అయిపోయి ఉంటుంది.

దేశంలో మొదటి కేసు 2020 జనవరి 30న కేరళలో, వుహాన్ నుంచి వచ్చిన విద్యార్థినిలో తేలింది. తెలంగాణలో మొదటిది 2020 మార్చి 2న. దుబాయ్ వెళ్లి బెంగళూరు వచ్చి, అక్కడి నుంచి బస్సులో హైదరాబాద్ చేరిన వ్యక్తి అతను. విమానాశ్రయంలో జ్వరం చూసే యంత్రాల ముందు నుంచి ఇలాంటివాళ్లు మామూలుగా నడిచి బయటికొచ్చేస్తారు. అప్పటికి జ్వరమే ఉండదు కదా. ఇప్పుడు ఆ మాత్రం తనిఖీ కూడా లేదు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు ముందే నింపాల్సిన ఎయిర్ సువిధ ఫారం 2022 నవంబర్‌లో తీసేశారు, ప్రయాణికుల్లో నూటికి ఇద్దరికి చేసే టెస్టు 2023 జూలైలో ఆగింది. వైరస్ మాత్రం పోలేదు, 2025 మే, జూన్‌లలో కూడా కేసులు పెరిగాయి. కాబట్టి చేసేదేదో ఇంట్లోనే చేసుకోవాలి. పనేం పెద్దది కాదు, ముందే సర్దుకుంటే.

ముందుగా తెచ్చిపెట్టుకోవాల్సినవి

- ఎన్95 మాస్కులు: వచ్చేవాళ్లకు 5, వాళ్లకు అన్నం పెట్టే మనిషికి 3, కారు నడిపేవాళ్లకు 1, ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కొక్కరికి 2. మాస్కు మీద ఐఎస్ 9473, ఎఫ్ఎఫ్‌పీ2 అని ముద్ర ఉండాలి. ముందు ప్లాస్టిక్ బిళ్ల, అంటే వాల్వు ఉన్నది వద్దు. అది పెట్టుకున్నవాళ్ల ఊపిరిని వడకట్టకుండా బయటికి వదిలేస్తుంది.
- ఇంట్లో చేసుకునే ర్యాపిడ్ యాంటిజెన్ కిట్లు: 5. మూడు వచ్చినవాళ్లకు, రెండు ఇంట్లోవాళ్లలో ఎవరికైనా దగ్గు మొదలైతే. డబ్బా మీద గడువు తేదీ చూడండి. 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని రాసి ఉంటుంది. మే నెలలో రామగుండం వేడికి కారు డాష్‌బోర్డులో పడేసిన కిట్టు పనికిరాదు. ఇంట్లో చల్లటి అలమారలో పెట్టండి, ఫ్రిజ్‌లో పెడితే వాడే అరగంట ముందు బయటికి తీయండి.
- థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు, ఆక్సీమీటరుకు కొత్త సెల్లులు.
- టేబుల్ ఫ్యాన్ ఒకటి. కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఇంకా మంచిది.
- పారాసిటమాల్ 650 ఒక షీటు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగైదు.
- అగరబత్తీలు. ఎందుకో కింద చెప్తాం.
- ఒక నోటు పుస్తకం, పెన్ను.

సూట్‌కేసు మీద కొట్టే స్ప్రేలు, అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్ కొనకండి. మొదటిది దండగ. మిగతా రెండూ ఈ వైరస్ మీద పనిచేయవు.

1. టికెట్ తీసిన రోజే తేల్చుకోవాల్సినవి

పడుకునే గది ఏది, దావత్ ఏ రోజు, తీసుకురావడానికి ఎవరు పోతారు. ఈ మూడూ ముందు తేలకపోతే మనిషి దిగాక ఎవరూ ఎవరి మాటా వినరు. దావత్‌ను దిగిన రోజు నుంచి ఆరో రోజు తర్వాతకు జరపండి. పెళ్లి ముహూర్తం కదలదనుకుంటే, వచ్చేవాళ్లనే ఒక వారం ముందు బయల్దేరమనండి.

వచ్చేవాళ్లకు ఫోన్‌లో చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అంటుకునేది విమానంలోనే కాదు, బయల్దేరే ముందు మూడు రోజుల్లో కూడా. గల్ఫ్ క్యాంపుల్లో ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిది మంది ఉంటారు. ఊరికి పోయేవాడికి అందరూ కలిసి వీడ్కోలు విందు ఇస్తారు. అమెరికాలో చదివేవాళ్లయితే రూమ్మేట్లు, మాల్‌లో షాపింగు. ఆ మూడు రోజులు జనంలో ఉన్నప్పుడు మాస్కు పెట్టుకుంటే సగం పని అయినట్టే. బయల్దేరే ముందు జలుబు, గొంతు నొప్పి ఉంటే అక్కడే టెస్టు చేసుకోమనండి. పాజిటివ్ వస్తే టికెట్ మార్చుకోవడమే పద్ధతి. "ఇంటికొస్తే అమ్మ చూసుకుంటది" అని మందేసుకుని జ్వరం దాచి ఎక్కేవాళ్లుంటారు, ఆ అమ్మకే ముందు అంటేది.

పెద్దవాళ్లు టీకా తీసుకుని ఏళ్లు గడిచి ఉంటే మళ్లీ తీసుకోవాలా అని వాళ్ల డాక్టరును అడగండి. తీసుకున్నా రోగనిరోధకత పెరగడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి విమానం దిగే ముందు రోజు తీసుకుని లాభం లేదు.

2. విమానంలో

విమానం ఎగురుతున్నప్పుడు లోపలి గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది, తిరిగొచ్చే గాలి అతి సన్నటి కణాలను కూడా పట్టేసే హెపా ఫిల్టర్ల గుండా వస్తుంది. కాబట్టి మధ్యలో కన్నా చివర్లలో ఎక్కువ జాగ్రత్త కావాలి: ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వరుసలో ఇరుక్కుని నిలబడే అరగంట, ఇమిగ్రేషన్ క్యూ, సామాను బెల్టు, షటిల్ బస్సు.

అలాగని ఫిల్టరే కాపాడుతుందని మాస్కు తీసి కూర్చోకూడదు. 2020 మార్చి మొదట్లో లండన్ నుంచి హనోయ్ పోయిన విమానంలో దగ్గుతున్న ఒక్క ప్రయాణికురాలు ఉన్న బిజినెస్ క్లాసులోనే పన్నెండు మందికి సోకింది. పది గంటల ప్రయాణం, అప్పటికి మాస్కు నిబంధన లేదు.

వచ్చేవాళ్లకు పంపాల్సిన మెసేజ్ ఇంతే: సీటు పైన గాలి వచ్చే గొట్టం తెరిచి ముఖం వైపు తిప్పుకోండి. భోజనం పక్కవాళ్లు తిని మాస్కు పెట్టుకున్నాక తినండి. నిద్రలో మాస్కు జారకుండా ముక్కు దగ్గరి తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కండి, ఒక చేత్తో నొక్కితే మధ్యలో మడత పడి సందు మిగులుతుంది. దుబాయ్ విమానానికి ఒక మాస్కు చాలు. అమెరికా ప్రయాణానికి రెండు మూడు కావాలి, తడిసినది తీసేయాలి. ఇద్దరు, ముగ్గురు కలిసి వస్తుంటే కిటికీ సీటు పెద్దవాళ్లకు ఇవ్వండి.

3. కారు: అందరూ తప్పు చేసేది ఇక్కడే

మన దగ్గర తీసుకురావడమంటే ఒక ఇన్నోవా, అందులో ఏడుగురు. అవ్వ, బాపు, చెల్లె, బావ, చిన్నపిల్లలు, పూలదండ. శంషాబాద్ నుంచి వరంగల్‌కు మూడు గంటలకు పైనే, కరీంనగర్ నాలుగు గంటల దగ్గర, జగిత్యాలకు ఇంకా ఎక్కువ. అంతసేపు అద్దాలు ఎక్కించి, ఏసీ లోపలి గాలినే తిప్పే పద్ధతిలో పెట్టి, నాలుగేళ్ల కబుర్లన్నీ చెప్పుకుంటూ రావడం. ఎగురుతున్న విమానంలో పక్క సీటు కన్నా ఈ కారు ఎక్కువ ప్రమాదం. మాట్లాడేకొద్దీ, నవ్వేకొద్దీ గాలిలోకి వచ్చే తుంపరలు పెరుగుతాయి. ఆ గాలి ఎక్కడికీ పోదు.

ఇలా చేయండి:

- ఒకరే వెళ్లండి, అదీ వయసులో ఉన్నవాళ్లు. డ్రైవరును పెట్టుకుంటే ఇంటివాళ్లెవరూ పోనక్కర్లేదు. దండ ఇంటి ముందు వేసుకోవచ్చు.
- వచ్చినవాళ్లు వెనక సీటులో ఎడమ వైపు కూర్చోవాలి. నడిపేవాళ్లు ముందు కుడి వైపు ఉంటారు కాబట్టి ఇద్దరి మధ్య దూరం ఎక్కువ.
- నాలుగు అద్దాలూ దింపితే అన్నిటికన్నా మేలు. అవుటర్ రింగ్ రోడ్డు మీద అది కుదరదు. అప్పుడు ముందు ఎడమ అద్దం, వెనక కుడి అద్దం నాలుగు వేళ్ల సందు దింపండి. ఎవరూ కూర్చోని వైపు తెరిస్తే గాలి ఇద్దరి మధ్య నుంచి ఏటవాలుగా పారి బయటికి పోతుంది.
- ఎండాకాలం ఏసీ తప్పదంటే వేసుకోండి, కానీ బయటి గాలి తీసుకునే పద్ధతిలో. డాష్‌బోర్డు మీద కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉన్న బటన్ ఆపేయండి, బయటి నుంచి లోపలికి వచ్చే బాణం ఉన్నది వేయండి. ఫ్యాన్ మూడు మీద పెట్టండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి మళ్లీ వేస్తే పాత పద్ధతికి మారిపోతుంది, చాయ్ తాగి ఎక్కిన ప్రతిసారీ చూసుకోండి.
- ఇద్దరికీ మాస్కు. భువనగిరి దగ్గరో, కరీంనగర్ దారిలో ప్రజ్ఞాపూర్ దగ్గరో ఆగితే కారులో తినకుండా బయట బెంచీ మీద, ఆరుబయట తినండి.

కారు పరిస్థితి సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి సులువైన గుర్తు ఉంది. లోపల పెర్ఫ్యూమ్ వాసన పది నిమిషాల తర్వాత కూడా అంతే ఘాటుగా ఉంటే గాలి మారడం లేదని అర్థం.

కారు లేనివాళ్లు బస్సులో రావాల్సి వస్తే ఏసీ బస్సు కన్నా కిటికీ తెరిచే బస్సు నయం. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైలు సుమారు రెండు గంటలు. స్లీపర్‌లో కిటికీ పక్కన మాస్కుతో కూర్చుంటే మూడు గంటల ఏసీ కారు కన్నా బాగానే ఉంటుంది.

4. గది తయారు చేయడం

మంచి గది ఇవ్వాలని అందరూ ఏసీ ఉన్న గది ఇస్తారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు, లోపలి గాలినే చల్లబరిచి తిప్పుతుంది. కావాల్సింది బయటికి తెరుచుకునే కిటికీ ఉన్న గది. పాత పెంకుటిల్లయితే అరుగు మీద, వరండాలో మంచం వేయడం ఏ గది కన్నా మంచిది, దోమతెర కట్టుకుంటే సరి. డాబా ఇల్లయితే మేడమీది గది.

గదిలో గాలి ఇంట్లోకి కాకుండా బయటికి పోవాలి. కిటికీ దగ్గర టేబుల్ ఫ్యాన్‌ను ముఖం బయటికి ఉండేలా పెట్టండి, కిటికీకి ఆనించకుండా ఒక జానెడు దూరంలో. నడవాలోకి ఉన్న తలుపు మూసేసి, కింద సందు మాత్రం వదిలేయండి. ఇప్పుడు అగరబత్తి వెలిగించి ఆ సందు దగ్గర నడవా వైపు నుంచి పట్టుకోండి. పొగ గదిలోకి లాక్కుపోతే సరిగా ఉంది. పొగ మీ మీదికి వస్తే గది గాలి ఇంట్లోకి వస్తోందని, అప్పుడు ఫ్యాన్ వేగం పెంచండి, లేదా ఎదురుగాలి కొడుతుంటే ఇంకో కిటికీకి మార్చండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి. గాలి దిశ మారుతుంటుంది.

ఎండాకాలంలో కూలరుతో చాలామంది మోసపోతారు. కూలరు బయటి గాలిని గదిలోకి తోస్తుంది, అది మంచిదే. కానీ ఆ తోసిన గాలి ఎక్కడో ఒకచోట నుంచి బయటికి పోవాలి. కిటికీలో కూలరు, మిగతావన్నీ మూసి, నడవా తలుపు మాత్రం తెరిచి ఉంటే గదిలో గాలంతా నేరుగా అవ్వ మంచం మీదికి పోతుంది. కూలరు పెడితే ఆ గదికే ఇంకో కిటికీ పూర్తిగా తెరవండి, నడవా తలుపు మూసి కింద సందులో తడి తువ్వాలు పెట్టండి. రెండో కిటికీ లేని గదికి కూలరు పెట్టొద్దు, సీలింగ్ ఫ్యాన్‌తో, తెరిచిన కిటికీతో సర్దుకోవాలి.

బాత్‌రూమ్ ఒక్కటే ఉంటే పొద్దున ఇంట్లోవాళ్లందరూ అయ్యాక చివర్లో వాళ్లు పోవాలి. వెళ్లొచ్చాక ఎగ్జాస్ట్ వేసి, కిటికీ తెరిచి అరగంట ఎవరూ పోకూడదు. మూత ఉన్న కమోడ్ అయితే మూసి నీళ్లు వదలాలి.

గిన్నెలు వేరే పెట్టి అంటరానితనం చేయాల్సిన పని లేదు, సబ్బుతో కడిగితే చాలు. ఈ జబ్బు ఎక్కువగా గాలి ద్వారానే అంటుతుంది, ఉపరితలాల మీద నుంచి అరుదు. అయినా కొళాయి, స్విచ్చులు, గొళ్లెం తుడవాలనుకుంటే లీటరు నీళ్లకు 3 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ (చిన్న చెంచాడు) కలిపి పైన తేరిన నీళ్లతో తుడవండి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. ప్లాస్టిక్ బకెట్‌లో కలపండి, స్టీలు దాంట్లో వద్దు. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో దీన్ని ఎప్పుడూ కలపకండి, విషపు క్లోరిన్ గాలి వస్తుంది. మూసిన బాత్‌రూమ్‌లో అది కరోనా కన్నా తొందరగా ఆస్పత్రికి పంపుతుంది.

5. మొదటి అయిదు రోజులు, టెస్టులు

దిగిన రోజును సున్నా అనుకోండి. లక్షణాలేవీ లేకపోతే 1వ రోజు, 3వ రోజు, 5వ రోజు టెస్టు, ఒక్కోదానికి మధ్య 48 గంటలు. మూడూ నెగెటివ్ వస్తేనే నమ్మండి. ఒక్క కిట్టే ఉంటే 4వ రోజుకు దాచుకోండి. మధ్యలో దగ్గు, జ్వరం, ఒళ్లు నొప్పులు మొదలైతే లెక్క చూడకుండా ఆ రోజే చేయండి. నెగెటివ్ వచ్చినా 48 గంటలకు మళ్లీ ఒకటి.

చేయడం ఇలా. కోవిసెల్ఫ్ లాంటి ముక్కు కిట్టుకు చెప్తున్నాం. వేరే కంపెనీదయితే చుక్కలు, నిమిషాలు మారొచ్చు, డబ్బాలోని కాగితం చూడండి.

- ముక్కు చీది, చేతులు కడిగి ఆరబెట్టుకోండి. రేకు కవరు విప్పిన వెంటనే వాడాలి.
- పుల్లకు దూది ఉన్న కొసను ముట్టుకోకుండా ఒక ముక్కు రంధ్రంలో 2 నుంచి 4 సెంటీమీటర్లు పెట్టి, లోపలి గోడకు ఆనేలా 5 సార్లు తిప్పండి. అదే పుల్లతో రెండో రంధ్రంలో 5 సార్లు. తుమ్మొస్తే మంచి గుర్తే. రంధ్రం అంచున తిప్పి తీసేసేవాళ్లకు వచ్చే నెగెటివ్‌కు విలువ లేదు.
- ట్యూబు కింది భాగం నొక్కి పట్టి, పుల్లను ద్రవంలో 10 సార్లు తిప్పండి. గాటు ఉన్నచోట విరిచి మూత బిగించండి.
- కిట్టు బల్ల మీద సమంగా పెట్టి 2 చుక్కలు వేయండి. మూడు, నాలుగు వేస్తే గీతలు అలుక్కుపోతాయి.
- 15 నిమిషాలకు చూడండి. 20 నిమిషాలు దాటాక కనిపించిన గీత లెక్కలోకి రాదు.

కిట్టు మీద సి (C) అక్షరం దగ్గర గీత లేకపోతే కిట్టు చెడిపోయినట్టు, టి (T) దగ్గర ఏమున్నా పట్టించుకోవద్దు, ఇంకోటి చేయండి. రెండు దగ్గరా గీతలుంటే పాజిటివ్. టి గీత ఎంత లేతగా ఉన్నా పాజిటివే. "లైట్‌గా వచ్చింది, కొంచెమే ఉందేమో" అని తీసిపారేయడమే అందరూ చేసే పని. ఫోన్ టార్చ్ వేసి చూడండి, ఫొటో తీసి టైము రాసిపెట్టండి.

ఈ అయిదు రోజులూ మనిషిని గదిలో బంధించమని కాదు. వాకిట్లో కూర్చోవచ్చు, పొలం చూసి రావచ్చు, అందరితో ఆరుబయట నాలుగు అడుగుల దూరంలో మాట్లాడవచ్చు. లోపల ఒకే గదిలో కలిసి తినడం, టీవీ ముందు ఒకే సోఫా, అవ్వ పక్కన పడుకోవడం, ఈ మూడూ ఆపితే చాలు. ఊళ్లో ఎవరైనా చూడ్డానికి వస్తే వాకిట్లోనే కుర్చీ వేయండి.

6. పాజిటివ్ వస్తే

టెస్టు పాజిటివ్ వచ్చిన రోజు నుంచి 7 రోజులు గదిలోనే, అందులో చివరి మూడు రోజులు జ్వరం మాత్ర వేసుకోకుండానే జ్వరం ఉండకూడదు. ఆ తర్వాత ఇంకో మూడు రోజులు పెద్దవాళ్ల దగ్గర మాస్కు. బయటికి రావడానికి మళ్లీ ఆర్టీపీసీఆర్ చేయించొద్దు. తగ్గిపోయాక కూడా వారాల తరబడి పాజిటివ్ వస్తుంది, ఊరికే దిగులు. పీహెచ్‌సీకి, ఆశా కార్యకర్తకు చెప్పండి.

జ్వరానికి పారాసిటమాల్ 650, ఆరేసి గంటలకు ఒకటి, రోజుకు నాలుగు దాటొద్దు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మందు తాగేవాళ్లు డాక్టరును అడిగాకే. వయసు పైబడినవాళ్లకు, షుగరు, కిడ్నీ ఉన్నవాళ్లకు సోకితే మొదటి రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. యాంటీవైరల్ మందు అవసరమైతే లక్షణాలు మొదలైన అయిదు రోజుల్లోపే మొదలుపెట్టాలి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే రెండు ప్రమాదాలు. ఒకటి, మొదటి వారంలోనే డెక్సామెథసోన్ ఇంజెక్షన్. ఆక్సిజన్ అవసరం లేని రోగికి ఈ స్టెరాయిడ్ మేలు చేయదు, షుగరు పెంచుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ అంతగా పెరగడంలో స్టెరాయిడ్లకూ, అదుపు తప్పిన షుగరుకూ పాత్ర ఉంది. రెండోది డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు. వానాకాలంలో మన దగ్గర జ్వరమంటే డెంగీ కూడా కావచ్చు, అందులో ఈ ఇంజెక్షన్లు రక్తస్రావం తెస్తాయి. కరోనా టెస్టు నెగెటివ్ వచ్చి జ్వరం మూడో రోజుకూ తగ్గకపోతే డెంగీ, మలేరియా పరీక్షలు చేయించండి.

గల్ఫ్ నుంచి, ఉమ్రా నుంచి వచ్చినవాళ్లకు మాత్రం ఇంకో మాట. 2012లో సౌదీలో గుర్తించిన మెర్స్ కూడా ఒక కరోనా వైరస్సే. ఒంటెల నుంచి వస్తుంది, ఇంట్లో చేసే కోవిడ్ కిట్టుకు దొరకదు. చాలా అరుదు. కానీ ఒంటెలతో పనిచేసినవాళ్లు, పచ్చి ఒంటె పాలు తాగినవాళ్లు వచ్చిన 14 రోజుల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసంతో ఆస్పత్రికి పోతే మొదటి మాటగా ప్రయాణం గురించి, ఒంటెల గురించి డాక్టరుకు చెప్పాలి. అడిగేదాకా ఆగొద్దు.

7. ఆక్సిజన్ చూడడం

ఆక్సీమీటరు రోజుకు మూడుసార్లు. కొలిచే ముందు 5 నిమిషాలు కూర్చోవాలి. చూపుడువేలికో మధ్యవేలికో పెట్టి, అంకె కదలకుండా నిలిచేదాకా ఒక నిమిషం ఆగి రాయండి. మొదట మెరిసే అంకె రాసుకుని భయపడేవాళ్లు చాలామంది. గోళ్లకు గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే తప్పుగా చూపించొచ్చు, పాలిష్ తీసేయండి, గోరింటాకు లేని వేలికి పెట్టండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వేడి చేయండి. పరికరం మంచిదో కాదో తేలాలంటే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఇద్దరికి పెట్టి చూడండి, 95 కన్నా తక్కువ చూపిస్తే దాన్ని నమ్మొద్దు. నల్లటి చర్మం మీద ఉన్నదాని కన్నా కాస్త ఎక్కువ చూపించడం కూడా ఉంది, అందుకే అంకె బాగుందని ఆయాసాన్ని పట్టించుకోకుండా ఉండకూడదు.

కూర్చున్నప్పుడు 96 ఉన్నా, గదిలోనే ఆరు నిమిషాలు మామూలుగా నడిచి మళ్లీ కొలవండి. 93 కన్నా కిందికి పోయినా, మూడు పాయింట్ల కన్నా ఎక్కువ పడినా డాక్టరుకు చెప్పాలి. కూర్చున్నప్పుడే ఆయాసపడేవాళ్లకు ఈ నడక పరీక్ష పెట్టొద్దు.

కింది వాటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు:

- గంటలో మూడుసార్లు కొలిచినా 93, అంతకన్నా తక్కువ
- నిమిషానికి 24 కన్నా ఎక్కువ ఊపిరి. నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో గడియారం చూసి పూర్తి నిమిషం లెక్కపెట్టండి
- ఛాతీలో నొప్పి, ఒత్తిడి
- మాట తడబడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, లేపినా లేవకపోవడం

100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం మూడు రోజులకు మించి ఉంటే ఆ రోజే ఆస్పత్రికి. వరంగల్ చుట్టుపక్కలవాళ్లకు ఎంజీఎం ఉంది, మిగతావాళ్లు మీ జిల్లా ప్రభుత్వ ఆస్పత్రికి. ముసలివాళ్లకు జ్వరం రాకపోవచ్చు. తినకపోవడం, ఎప్పుడూ లేని మత్తు, ఉన్నట్టుండి నడక తూలడమే మొదటి గుర్తు అవుతుంది. "వయసు మీద పడింది" అని వదిలేయకండి.

బండి వచ్చేలోపు మనిషిని కూర్చోబెట్టండి, లేదా బోర్లా పడుకోబెట్టండి. తిని గంట కాకపోయినా, గర్భిణి అయినా బోర్లా వద్దు. నోటు పుస్తకంలోని ఆక్సిజన్, జ్వరం అంకెలు, రోజూ వేసుకునే మందుల చీటీ, ఏ దేశం నుంచి ఏ తేదీన దిగారో రాసిన కాగితం బండిలోనే పంపండి. తోడు వెళ్లే మనిషి ఎన్95 పెట్టుకోవాలి, అంబులెన్సు కిటికీ తెరవమని అడగాలి. బండి వెళ్లాక ఇంట్లో మిగిలినవాళ్లకు, ముఖ్యంగా అన్నం పెట్టిన మనిషికి, ఆ రోజు నుంచే 48 గంటల లెక్కన మిగిలిన రెండు కిట్లు వాడండి.